రేకమ ఒడిబియ్యం

తాటిమడుగు సర్పంచ్ వచ్చిందని మనుమరాలు వర్ష చెప్పంగనే హన్మవ్వ చేతిల చాట ఆగింది. ఆ ఊరి పేరు ఆ ఇంట్ల ఎవలూ తియ్యరు. హన్మవ్వ పెనిమిటి దేవన్న బతికున్నప్పుడు ఎవలన్న మరిచిపోయి తీస్తే, కంచం ముంగట నుంచి లేసి పోయేటోడు.

"ఎందుకు వచ్చిందట?"

"నాకేం తెలుసవ్వా. రాజమల్లు చిన్నాయిన ఎంటబెట్టుకొని వచ్చిండు. వాకిట్ల నిలబడ్డది."

"నిలబడనియ్యి. వాళ్ల ఊర్ల నేను గూడ మస్తుసేపు నిలబడ్డ."

అన్నదేగాని, చాట పక్కకు పెట్టి చీర సదురుకున్నది.

బోధన్ల శక్కర్‌నగర్ ఎనుక, ఒకప్పుడు చెరుకు బండ్లు ఆగే మైదానం పక్కన హన్మవ్వ ఇల్లు. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన కాలంల సీజన్ షురూ అయిందంటె ఆ మైదానం నిండ బండ్లే. ఎద్దుల గంటలు, మహారాష్ట్ర నుంచి వచ్చిన కోతకూలీల పాటలు, గాలి నిండ బెల్లం మడ్డి వాసన. తూకం కోసం ఎదురుసూసే రైతుల ముంగట హన్మవ్వోళ్ల చిందు భాగోతం మేళం ఆట పెట్టేది. రైతులు చెరుకు గడలు ఇరిచి ఇనాం లెక్క ఆడేటోళ్ల మీదికి ఇసిరేటోళ్లు. హన్మవ్వ గజ్జెకాలు ఆపకుంటనే ఒక గడను గాలిల అందుకునేది. ఇప్పుడు ఆ మైదానంల తుమ్మలు మొలిచినయి. ఫ్యాక్టరీ తెరుస్తరంట అని ఏడాదికోపారి ముచ్చట లేస్తది, తుమ్మలు ఇంకింత పెరుగుతయి.

సర్పంచ్ లత వయసుల ఉన్న మనిషి. కాపోళ్ల కోడలు, కొత్తగ గెలిచింది. చెప్పులు ఇడిసి లోపలికొచ్చి, ఎవలూ చెప్పకముందే చాప మీద కూసున్నది. అది హన్మవ్వ సూసింది. రాజమల్లు దేవన్న తమ్ముని కొడుకు. దినాం నిజామాబాద్ల ఆటో నడుపుతడు, ఆట దొరికిననాడు గడ్డం పెట్టుకొని అమీరు ఏషం కడుతడు. ఇప్పుడు మేళం పెద్ద వాడే.

"అవ్వా, మా ఊర్ల రేకమ ఆట ఆడాలె," అన్నది లత. "మొన్న పసుపు ఉడకబెట్టుకుంట ముసలోళ్లు మాట్లాడుకున్నరు. ఆటను నడుమల ఇడిసిపెట్టిన ఊరు జిల్లా మొత్తంల మాదొక్కటేనట. నాకు సిగ్గనిపించింది."

"నీకెందుకు సిగ్గు బిడ్డా? గప్పుడు నువ్వు పుట్టలే."

"ఊరు ఉన్నది కద."

హన్మవ్వ వర్షను చాయ పెట్టమన్నది.

రేకమ కథ బోధన్ దిక్కు మేళమోళ్లది. చరిత్రల ఉన్నదా లేదా అని వాళ్లు ఎన్నడు పరేషాన్ కాలే. బోధన్ కోట రాజుకు బిడ్డ రేకమ. చెరుకు తోటలల్ల ఆడి పెరిగిన పిల్ల. బీదర్ సుల్తాను కొలువుల ఖొరాసాన్ నుంచి గుర్రాలతోని వచ్చిన ఒక అమీరు ఉండె. ఆ అమీరుతోని లడాయిల రాజు ఓడిండు. ఖజానా పోయింది, ఏనుగులు పోయినయి, ఇచ్చెటందుకు బిడ్డ మిగిలింది. రాజులంటె గంతే, కోట నిలబడాలంటె బిడ్డను ఇస్తరు. బిడ్డను అడుగరు.

రేకమ బండెక్కే ముంగట ఊరి ఆడోళ్లంత వచ్చి ఒడిబియ్యం పోస్తరు. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, పోకలు, కర్జూరాలు, జాకెటు ముక్క. దాంట్లనే ఒక పచ్చి పసుపు కొమ్ము. ఉడకబెట్టి ఎండబెట్టింది కాదు, ఉడికింది మొలువదు. భూమిల నుంచి తీసింది తీసినట్టు మట్టితోని ఎయ్యాలె, పోయిన కాడ బిడ్డ ఏరు పట్టాలని.

ఒడిబియ్యాన్ని బిడ్డ ఒక్కతి తినొద్దు. అత్తగారింట్ల వండి, తనోళ్లను పిలిచి, నలుగురితోని కూసోని తినాలె. బీదర్ల రేకమకు తనోళ్లు ఎవలున్నరు? ఎత్తు గోడల హవేలి, దాసీలు, తెల్వని బాస. బియ్యాన్ని కుండల పోసి దాసుకున్నది. పసుపు కొమ్మును పెరట్ల నాటి దాంతోనే తెలుగు మాట్లాడేది. అమీరు చెడ్డోడు కాదు. పెండ్లాం బాస నేర్వాలని ఉర్కులాడి, ఒక్కటే మాట నేర్సుకున్నడు. దినాం వచ్చి అదే అడిగేటోడు.

"అన్నం తిన్నవా, రేకమా?"

"ఇంక లేదు. నా ఊరోళ్లు రాంగనే వండుత."

కొడుకు పుట్టినా, వాడు గుర్రమెక్కే ఈడుకొచ్చినా అదే మాట. తల నెరిసినంక గూడ అదే. బోధన్ నుంచి ఎవలు పోలే. బియ్యం పురుగులు పట్టినయి. రేకమ పానం పోయిననాడు పెరడంత పసుపు తోటే ఉండెనట, కుండల బియ్యం మాత్రం కుండలనే ఉండెనట. ఆట అండ్ల ఐపోతది.

ఆటంటె ఒడిబియ్యం పోసే కాడ నిజంగనే పోస్తరు. ఆట సూడవచ్చిన ఆడోళ్లే లేసి ముంగటికొచ్చి, రేకమ ఏషం కట్టినామె ఒడి నింపుతరు. నింపిన రోజు నుంచి ఆమె ఆ ఊరి ఆడబిడ్డ. ఒకపారి అత్తగారింటికి సాగదోలిన బిడ్డను మల్ల సాగదోలరు గనుక, ఆ ఊర్ల ఆమె మల్ల రేకమ కట్టదు. హన్మవ్వ గిట్ల ఎన్ని ఊర్లకు ఆడబిడ్డనో లెక్కలేదు. నవీపేట్ దిక్కు పోతె గోదావరి చేపలు కట్టిచ్చేటోళ్లు. మోస్రా దిక్కు కొత్త బియ్యం. పెండ్లిళ్లకు కబురు పెట్టేటోళ్లు, "మా రేకమ రాకుంటె ఎట్ల" అని. ఆ పిలుపులు యాదికొస్తె ఆమెకు ఇప్పటికీ కడుపు నిండినట్టయితది.

పెండ్లికి పోతె ఆకు మాత్రం దూరంగ ఏసేటోళ్లు. ఆడబిడ్డ అన్న నోటితోనే "జర అవుతల కూసో" అనేటోళ్లు. ఈ ముచ్చట ఇడిసిపెట్టి తీపి ముచ్చట ఒక్కటే చెప్తే అది అబద్ధమైతది. ఒడిబియ్యం ఏ ఊర్ల పోసినా, మరునాడు తొవ్వల చింతచెట్టు కింద మేళమోళ్లే వండుకొని తినేటోళ్లు. పోసినోళ్లు ఎన్నడు రాలే. అప్పుడు అమీరు కట్టే దేవన్న గడ్డం తియ్యకుంటనే వంట కాడికొచ్చి "అన్నం తిన్నవా, రేకమా?" అనేటోడు. "పొయ్యికి మూడు రాళ్లు తెచ్చియ్యి, తింటం" అనేది హన్మవ్వ. ఇద్దరు నవ్వేటోళ్లు. ఆ నవ్వుల ఏముండెనో వాళ్లకే ఎరుక.

ఆఖరుకు నిజామాబాద్ దవాఖానల పండుకున్నప్పుడు గూడ, ముక్కుల పైపు పెట్టుకొని, అదే అడిగిండు.

చాయ గ్లాసు లత చేతికిచ్చి హన్మవ్వ అన్నది, "తాటిమడుగుల ఏమైందో నీకు ఎవలన్న సక్కగ చెప్పిండ్రా?"

"వాన వచ్చిందట. ఆట ఆగిందట."

"వాన!" రాజమల్లు పకపక నవ్విండు. "ఇన్నవా పెద్దమ్మా? వానట!"

"వాన రాలే బిడ్డా," అన్నది హన్మవ్వ. "ఒడి పట్టి నిలబడ్డ. ఆడోళ్లు దోసిళ్లు నింపుకొని లేసిండ్రు. పటేలింటి ముసలామె గద్దె మీద నుంచి కేకేసింది. 'మైలపడుతరే! కింద పోయుండ్రి, అదే ఎత్తుకుంటది' అని. లేసినోళ్లు లేసినట్టే ఆగిండ్రు. కొందరు నా కాళ్ల ముంగట కుప్ప పోసి పోయిండ్రు. కోళ్లకు పోసినట్టు. నేను వంగలే. ఒడి దించలే. మద్దెల కొట్టేటోడు కొట్టుడు బంద్ చేసిండు. అమీరు బండి కాడ ఉండాలె గద, దేవన్న నడుచుకుంట నా కాడికి వచ్చిండు. మొకం మీది గడ్డం పీకి నా ఒడిల ఏసిండు. 'ఖాళీ ఒడితోని పోవద్దు, పా ఇంటికి' అన్నడు. అంతే. రేకమ బండెక్కలే. మీ ఊర్ల రేకమ గాడనే నిలబడ్డది."

లత తల దించుకున్నది. అట్లనే అన్నది, "ఇప్పుడు పోస్తం. ఒడిలనే పోస్తం. ఈ చెల్లె కడుతదా రేకమ?" అని వర్ష దిక్కు సూసింది.

వర్ష నిజామాబాద్ల డిగ్రీ చదువుతది, పాట మంచిగ పాడుతది. "నేను కడుతనవ్వా. నీ మోకాళ్లు..."

"నడుమల ఆగిన ఆట మొదలువెట్టినామెనే ముగియ్యాలె," అన్నడు రాజమల్లు. "అది మేళం ఖాయిదా. కని పెద్దమ్మా, ఒక్క ముచ్చట. పెదనాయిన పోయినంక ఒడిబియ్యం నీకు... ఊరోళ్లు నోళ్లు తెరుస్తరు."

"ఏమంటరు? ముండమోసినదానికి ఒడిబియ్యమా అంటరా? ఒడి హన్మవ్వది కాదురా, రేకమది. రేకమ మొగుడు సచ్చినట్టు ఏ ఆటల ఉన్నదిరా? చెప్పు!"

రాజమల్లు పక్కకు జరిగి ఆమెకు తొవ్వ ఇచ్చిండు.

హన్మవ్వ లేసి గోడ పక్కనున్న సందుగ పెట్టె తెరిచింది. పొనికి కట్టె కిరీటం, రంగు పోయిన భుజకీర్తులు, అడుగున గుడ్డల సుట్టిన గడ్డం. మేకెంట్రుకలతోని దేవన్న సొంతంగ అల్లుకున్నది. దాన్ని మోకాళ్ల మీద పెట్టుకొని నిమురుకుంట అడిగింది.

"వస్త. కని ఒక షర్తు. పోసిన బియ్యం నేను ఇంటికి తేను. గాడనే, ఆట ఆడిన కాడనే వండుత. పోసిన చేతులే నా పక్కన కూసోని తినాలె. పోసుడు అల్కటి పని బిడ్డా. నాతోని కూసోని తినుడే కష్టం."

లత ఎంటనే సరే అనలే. చాయ గ్లాసు కింద పెట్టి, "అడిగి చెప్త," అన్నది. ఊరికెనే సరే అని అబద్ధం చెప్పలేదని హన్మవ్వకు జర నమ్మకం కలిగింది.

పోయింది. మరునాడు ఫోను రాలే. తర్వాత గూడ రాలే. హన్మవ్వ రోజు ఆ గడ్డాన్ని ఎండల ఏసి, దులిపి, మల్ల లోపల పెట్టేది. "నువ్వు సూడాల్నంటివి," అని దాంతోని అనేది. దవాఖానకు పోయే ముంగట దేవన్న అడిగింది అదొక్కటే. ఆ ఊర్ల నీ ఒడి నిండంగ ఒకపారి సూడాలె అని. సూడకుంటనే పోయిండు. ఇప్పుడు నిండకపోతె ఇగ ఎప్పటికి నిండదు. ఆమె మోకాళ్లకు ఇంకో ఏడాది లేదు.

వారం తిరిగినంక లత ఫోను చేసింది. "అందరు ఒప్పుకోలే అవ్వా. కొందరు ఒప్పుకున్నరు. నేనైతే తింట."

"చాలు," అన్నది హన్మవ్వ.

తాటిమడుగుకు ఆటోల పోయిండ్రు. తొవ్వ పొంటి కళ్లాలల్ల పసుపు ఎండుతున్నది. కడాయిల కింద మంటలు, పొగ, ఉడుకుతున్న పసుపు వాసన. ఆ వాసన తగలంగనే హన్మవ్వకు బండి మీద కాళ్లు ఏలాడేసుకొని, దేవన్న పక్కన కూసోని ఊరూరు తిరిగిన రోజులు కండ్లల్ల తిరిగినయి. తొవ్వ అదే. అప్పుడు రెండు దిక్కుల చెరుకు ఉండె, మనిషి ఎత్తు. ఇప్పుడు వరి, పసుపు, మక్క.

పగటాల ఆట షురూ అయింది. చెరుకు తోటల ఆడే చిన్న రేకమను వర్ష కట్టింది. రాజమల్లు అమీరు, దేవన్న గడ్డమే. బాస రాని అమీరు ఆవుకు, పూజారికి, ముంగట కూసున్న పిల్లలకు "అన్నం తిన్నవా" అని దండం పెడుతుంటె జనం పడి పడి నవ్విండ్రు. హన్మవ్వ ఎనుక కూసోని మొకానికి రంగు పెట్టుకుంట ఆ నవ్వు ఇన్నది. దేవన్న నవ్వించినప్పుడు ఇంకా గట్టిగ నవ్వేటోళ్లు అనుకున్నది. గట్ల అనుకోకుంట ఉండలేకపోయింది.

పొద్దు వాలే యాళ్లకు సాగదోలే ఘట్టం. హన్మవ్వ కిరీటం పెట్టుకొని, వర్ష భుజం పట్టుకొని ముంగటికి వచ్చింది. పాట ఎత్తుకున్నది. గొంతు పగిలింది, కని తాళం తప్పలే. పాట అయినంక వర్షను పక్కకు పొమ్మని, కొంగు రెండు చేతుల పట్టి ఒడి చాపింది.

మద్దెల ఆగింది. ఎవలు లేవలే.

అదే జాగ. గదే గద్దె, ఇప్పుడు సిమెంటు ఏసిండ్రు. హన్మవ్వ ఒడి దించలే. బండి కాడ నిలబడ్డ రాజమల్లు చెయ్యి గడ్డం మీదికి పోయింది. ఆమె కండ్లతోనే వద్దన్నది.

లత లేసింది. దోసిలి నిండ బియ్యం తెచ్చి ఒడిల పోసింది. కుడుకలు పెట్టింది, పసుపు కొమ్ములు ఏసింది. హన్మవ్వ ఒకటి తీసి సూసింది. నున్నగ, మెరుసుకుంట, మార్కెట్‌కు పోయే సరుకు.

"ఓ సర్పంచ్! ఉడికింది ఏసినవు కద బిడ్డా!" అన్నది ఆట నడుమలనే. "పసుపు పండిచ్చే ఊరు మీది. ఉడికింది యాడన్న మొలుస్తదా? నన్ను మొలువద్దంటున్నవా ఏంది?"

జనం గొల్లుమన్నరు. లత మొకం ఎర్రగయింది, తానూ నవ్వింది. ఆ నవ్వుల ఇంకో ఆడామె లేసింది. ఆమె ఎనుక ఇంకొకామె. కొందరు కూసున్నోళ్లు కూసున్నట్టే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని సూసిండ్రు. బియ్యం ఒడిల పడుతుంటె హన్మవ్వ సక్కగ నిలబడ్డది.

"పచ్చి కొమ్ము లేదా? కళ్లంల నుంచి ఎవలన్న ఉర్కుండ్రి!" అని లత అరుస్తుంటె, గుంపు అంచుల గోడకు ఆనుకొని నిలబడ్డ ఒక ముసలామె కదిలింది. చేతి కర్ర, బొట్టు లేని నొసలు, గోచి పెట్టి కట్టిన చీర.

"పటేలింటి మరాఠవ్వ," అని ఎవలో గుసగుస అన్నరు. "ఆమె ఎట్ల పోస్తది? మొగుడు లేనామె."

ఆ మొకం హన్మవ్వకు యాదికొచ్చింది. ఆ రోజు దోసిలితోని అందరికన్న ముంగట లేసిన కొత్తకోడలు. కేకేసిన ఆ అత్తనే కొంగు పట్టి ఎనుకకు గుంజితె, దోసిట్ల బియ్యం కారిపోతుంటె, ఏడుసుకుంట ఎనుకకు పోయిన పిల్ల. మహారాష్ట్రల ధర్మాబాద్ దిక్కు నుంచి పటేలింటికి ఇచ్చిండ్రు. ఊరు ఆమెను మరాఠవ్వ అన్నది. బతుకంత అదే పేరు.

ఆమె గోడ కాడనే ఆగింది.

"రా," అన్నది హన్మవ్వ. "ఎందుకు ఆగినవు? అప్పుడు గుంజినామె ఇప్పుడు లేదు."

"నేను పోయొద్దు బాయీ. నా నొసలు సూడు."

"నా నొసటి బొట్టు గూడ రంగుతోని గీసిందే. చెరిపి సూపియ్యాల్నా?"

ముసలామె కర్ర టకటక కొట్టుకుంట వచ్చి, కొంగు ముడి ఇప్పింది. దాంట్ల మట్టి అంటిన పచ్చి పసుపు కొమ్ము. పొద్దుగాల పొలంల నుంచి తవ్వుకొచ్చింది. "ఘే బాయీ, తీసుకో," అని హన్మవ్వ ఒడిల ఏసింది. "అప్పుడు గూడ నా చేతిల ఉండె. బియ్యం కింద పడ్డయి, కొమ్ము ఇడువలే. పెరట్ల నాటిన. ఇది దాని పిల్ల పిల్లది."

హన్మవ్వ ఆట మరిచిపోయింది. ఈమెనే గద రేకమ, అనుకున్నది. నేను ఏషం కట్టి తిరిగిన, ఈమె ఏషం లేకుంట బతికింది.

"నీ పేరేంది అవ్వా?"

"సుమన్," అన్నది ముసలామె. ఆ పేరు ఊరంత కొత్తగ ఇన్నట్టు ఇన్నది.

"నీకు ఒడిబియ్యం ఎవలన్న పోసిండ్రా, సుమనక్కా?"

"అన్నలు బతికినన్ని రోజులు పోసిండ్రు. తర్వాత ఎవలు రాలే."

హన్మవ్వ తన ఒడి నుంచి దోసిలి నిండ తీసింది. "కొంగు పట్టు," అన్నది. సుమన్ కొంగు పట్టింది. అప్పుడు గుంపుల నుంచి ఇద్దరు ముగ్గురు లేసి, చెప్పులు ఏసుకొని, ఎల్లిపోయిండ్రు. పోనీ.

మూడు రాళ్లు రాజమల్లు తెచ్చిండు, అమీరు ఏషంలనే. గంజుల ఎసరు ఉడుకుతుంటె వర్ష మంట ఎగదోసింది. ఆకులు ఏసిండ్రు. లత వచ్చి హన్మవ్వకు ఎడమ పక్క కూసున్నది, సుమన్ కుడి పక్క. పోసినోళ్లల్ల కొందరు కూసున్నరు. కొందరు "దేవుని ప్రసాదం, ఇంటికి తీస్కపోతం" అని ఆకుల కట్టుకొని పోయిండ్రు. కట్టుకపోయినోళ్లను హన్మవ్వ సూసింది. మొకాలు యాది పెట్టుకున్నది.

పచ్చి కొమ్మును రెండు ముక్కలు ఇరిచి, ఒకటి సుమన్ కొంగుల ముడేసింది. "నాది బోధన్ల నాటుత. నువ్వు ధర్మాబాద్ పోయిననాడు నీ తల్లిగారి పెరట్ల నాటు."

"యాడిది పెరడు, అమ్మేసిండ్రు," అన్నది సుమన్, నోట్ల ముద్ద పెట్టుకుంట.

"అట్లయితె నా పెరడు సూడ రా. బస్సు ఉన్నది."

రాజమల్లు తినెటందుకు గడ్డం తీసిండు. యాడ పెట్టాల్నో తెల్వక అటు ఇటు సూసిండు. హన్మవ్వ చెయ్యి చాపి దాన్ని తీసుకొని, ఒడిల, మిగిలిన బియ్యం మీద పెట్టుకున్నది.

"పెద్దమ్మా, ఆట ముగియ్యాలె," అన్నడు వాడు మెల్లగ. "నేను అడగాలె."

"గడ్డం లేకుంటనే అడుగు. పర్వాలేదు."

వాడు గొంతు సదురుకున్నడు. "అన్నం తిన్నవా, రేకమా?"

హన్మవ్వ ఒడిల గడ్డాన్ని నిమిరింది. ఎడమ దిక్కు సూసింది, కుడి దిక్కు సూసింది, తిన్న చెయ్యి కడుగుకోకుంట ఇంకా కూసున్న ఆడోళ్లను సూసింది. బతుకంత ఊరూరు తిరిగి చెప్పిన మాట నాలిక మీదికి వచ్చి ఆగింది.

"తింటున్న," అన్నది. "నా ఊరోళ్లు వచ్చిండ్రు. గంజుల ఇంకా ఉన్నది, బండిని జర ఆగుమను."